అవతలి గట్టు మీద రోడ్డు: డెల్టాలో తక్కువ ఖర్చుతో నావిగేషన్ ర్యాలీ మొదలెట్టేవాళ్ళకి

ర్యాలీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది దుమ్ము రేపుకుంటూ గాల్లోకి ఎగిరే కారు. లేదంటే ఎన్నికల ముందు జెండాలు కట్టుకుని హారన్లు మోగించుకుంటూ పోయే మోటారు సైకిళ్ళు. నేను చెప్పబోయేది ఆ రెండిట్లో ఏదీ కాదు. ఇందులో వేగంగా వెళ్ళినవాడు గెలవడు. చెప్పిన దారిలో, చెప్పిన సగటు వేగంతో, చెప్పిన సెకనుకి చేరినవాడు గెలుస్తాడు. మన దేశంలో దీన్ని టీఎస్‌డీ అంటారు, అంటే టైమ్, స్పీడ్, డిస్టెన్స్. దారిలో టైమ్ కంట్రోళ్ళు, అంటే మీరు చేరిన టైము రాసుకునే చోట్లు, ఎక్కడ పెట్టారో ముందుగా చెప్పరు. ఆలస్యంగా వస్తే పెనాల్టీ, ముందే వచ్చినా పెనాల్టీ. చాలా పోటీల్లో ముందొచ్చినదానికే ఎక్కువ పడుతుంది. ఇదంతా వివరిస్తే మా మావయ్య, "పెళ్ళి భోజనాల్లాంటిదన్నమాట. పిలవకముందే వెళ్ళి కూర్చుంటే నవ్వుతారు, ఆఖరి బంతికి వెళితే గారెలు అయిపోతాయి" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇచ్చే సగటు వేగాలు మామూలుగా గంటకి 30 నుంచి 45 కిలోమీటర్ల మధ్య ఉంటాయి. పాత ఆల్టో కూడా ఆపసోపాలు పడకుండా వెళ్ళే వేగం. అందుకే మోటారు క్రీడల్లో మనలాంటి జీతగాళ్ళ జేబుకి అందేది ఇదొక్కటే. బ్రిటన్‌లో దీనికి పెద్ద సంప్రదాయమే ఉంది. చిన్న క్లబ్బులు 12 కార్లకి మించకుండా, 1:50,000 స్కేలు కాగితం మ్యాపులు ఒళ్ళో పెట్టుకుని రాత్రిపూట పల్లె రోడ్ల మీద నడుపుతాయి. సగటు వేగం గంటకి 30 మైళ్ళు దాటకూడదని అక్కడ నిబంధన. మన హిమాలయాల్లో 1999లో మొదలైన రెయిడ్ ద హిమాలయలో కూడా వేగం పోటీతో పాటు టీఎస్‌డీ విభాగం ఉండేది. అక్కడిదాకా పోనక్కర్లేదు. మనకి గోదావరి డెల్టా కాలువ గట్లు చాలు.

మొదలెట్టేవాడికి నాలుగైదు చోట్ల ఇదా అదా అన్న ప్రశ్న వస్తుంది. వాటిలో కొన్నిట్లో నేను తప్పుగా ఎంచుకుని డబ్బు తగలేశాను కాబట్టి కొంచెం ధైర్యంగానే సలహా ఇస్తాను.

బండి

ఇంట్లో ఉన్న కారు, ర్యాలీ కోసమని కొనే పాత కారు, మోటారు సైకిల్. ఈ మూడిట్లో నేను రెండోదాని జోలికి పోయాను. పాత జీపు ఒకటి కొన్నాను. చూడ్డానికి దర్జాగా ఉండేది. ఎనిమిది నెలల్లో అది రోడ్డెక్కింది ఆరు ఆదివారాలు, మిగతా అంతా షెడ్డులోనే. పైగా దాని కిలోమీటర్ల మీటరు ముల్లు మనసుంటే తిరిగేది, లేకపోతే లేదు. దూరం లెక్కే ప్రాణమైన ఆటకి అలాంటి బండి దేనికి పనికొస్తుంది?

ఇంట్లో కారు ఏదైనా సరే, దాంతోనే మొదలెట్టండి. చిన్నదైతే మరీ మంచిది. కాలువ గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే ఒక చక్రం మార్జిన్‌లోకి దించక తప్పదు. ఆ మార్జిన్ అవతల నీళ్ళే. అక్కడ పనికొచ్చేది బండి ఎత్తు కాదు, బండి సన్నగా ఉండటం. టైర్లలో గాలి మాత్రం ప్రతిసారీ ఒకే కొలతలో పెట్టుకోండి. ఎందుకో కింద చెప్తాను. మోటారు సైకిల్ మీద ఒక్కరే బండీ నడిపి, కాగితమూ చూసి, లెక్కా కట్టాలి. కొత్తవాళ్ళకి అది ప్రమాదం. దారి ముందుగా చూసి రావడానికి బైకు వాడండి, గడియారంతో ఆడటానికి కారు వాడండి.

దూరం, సమయం కొలిచే సరంజామా

విదేశీ ట్రిప్ మీటర్లు ఉన్నాయి. బ్రాంట్జ్, టెర్రాట్రిప్ అని పాత పేర్లు. మంచివే, కాకపోతే దిగుమతి సుంకంతో కలిపి పదుల వేలు అవుతాయి. ఫోన్‌లో వేసుకునే జీపీఎస్ ట్రిప్ మీటర్ యాప్‌లు ఉన్నాయి, కొన్ని ఉచితం. ఇవేవీ లేకుండా కారులో ఉన్న మీటరు, చేతి గడియారం, ఒక అట్ట, రెండు పెన్నులతో కూడా ఆడొచ్చు.

మొదటి ఏడాది నా ఓటు ఆఖరిదానికే. ఖర్చు కోసం ఒక్కటే కాదు. లెక్క చేతికి అలవాటు కావాలి. 3600ని సగటు వేగంతో భాగిస్తే కిలోమీటరుకి ఎన్ని సెకన్లో వస్తుంది. 30 అయితే రెండు నిమిషాలు, 36 అయితే సరిగ్గా 100 సెకన్లు, 40 అయితే నిమిషంన్నర, 45 అయితే 80 సెకన్లు. మొదటి ప్రాక్టీసులన్నీ 36 మీద పెట్టుకోండి. 12.4 కిలోమీటర్లకి 1240 సెకన్లు, అంటే 20 నిమిషాల 40 సెకన్లు. వేళ్ళు మడవక్కర్లేదు, నోటికే వచ్చేస్తుంది.

ఇప్పుడు కారు మీటరుకున్న లోపం. అందులో ఆఖరి అంకె వంద మీటర్లకోసారి మారుతుంది. 36 మీద వంద మీటర్లంటే పది సెకన్లు. అంటే మీటరు 7.3 చూపిస్తుంటే మీరు ఆ పది సెకన్లలో ఎక్కడున్నారో మీటరుకీ తెలియదు. అంకె మారిన క్షణాన్నే గడియారం చూడటం అలవాటు చేసుకుంటే ఈ లోపం చాలావరకు పోతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్ళు "మూడు... మూడు... నాలుగు!" అని అరిచిన ఆ "నాలుగు" దగ్గర చూడాలి సెకన్ల ముల్లు.

జీపీఎస్ యాప్‌కి వేరే జబ్బులున్నాయి. దగ్గరదగ్గరగా మలుపులు వస్తే మూలలు కోసేసి దూరం తక్కువ చూపిస్తుంది. గేటు దగ్గర బండి ఆగి ఉన్నా ఒక్కోసారి మీటర్లు కలుపుకుంటూ పోతుంది. కోనసీమలో కొబ్బరి తోటల నీడలో ఇంకాస్త తడబడుతుంది. రెండో ఏడాది దాన్ని కారు మీటరుకి తోడుగా పెట్టుకోండి. ముందు ఆ పోటీ నియమాలు ఫోన్‌ని ఒప్పుకుంటాయో లేదో చూసుకోండి.

ఏది వాడినా మొదటి పని మీటరు సరిచూసుకోవడం. నిర్వాహకులు కొలిచిన పది కిలోమీటర్ల దగ్గర మీ మీటరు 10.2 చూపించిందనుకోండి. ఇక ఆ రోజంతా రోడ్ బుక్‌లో (దారి వివరాలు రాసి ఇచ్చే పుస్తకంలో) ఉన్న ప్రతి దూరాన్నీ 1.02తో హెచ్చించాలి. 6.5 దగ్గర మలుపు అంటే మీకు 6.63. టైరులో గాలి మారినా, కొత్త టైర్లు వేయించినా ఈ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

రోడ్ బుక్కా, మ్యాపా, ప్రశ్నల వేటా

దారి చెప్పే పద్ధతుల్లో అందరూ వాడేది ట్యులిప్ బొమ్మలు. నెదర్లాండ్స్‌లో 1949లో మొదలైన ట్యులిప్ ర్యాలీ వల్ల వాటికా పేరు. ఒక గడిలో దూరం, పక్క గడిలో కూడలి బొమ్మ. కింద గుండ్రటి చుక్క మీరు, బాణం మొన మీరు వెళ్ళాల్సిన దిక్కు. అరగంటలో వచ్చేస్తుంది. రెండోది మ్యాపు. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ షీట్లు 1:50,000 స్కేలులో ఉంటాయి, అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. వాటి వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతాయి. మూడోది "గుడి గోపురం మీద ఎన్ని కలశాలున్నాయి" తరహా ప్రశ్నల వేట. పిల్లలతో పిక్నిక్‌కి బాగుంటుంది, ఈ ఆట నేర్పడానికి మాత్రం పెద్దగా పనికిరాదు.

ట్యులిప్‌తో మొదలెట్టి మ్యాపుకి రండి. కాకపోతే మన డెల్టాలో మ్యాపు తొందరగా నేర్చుకోవాల్సి వస్తుంది. దానికో కారణం ఉంది.

కొండ ప్రాంతంలో దారి తప్పితే వెంటనే తెలుస్తుంది. రోడ్డు ఎత్తెక్కాల్సింది దిగుతుంది, లేదా ఆగిపోతుంది. ఇక్కడ అంతా పళ్ళెంలా చదును. తప్పు రోడ్డు కూడా ఒప్పు రోడ్డులాగే హాయిగా సాగిపోతుంది. అదే కాలువ, అవే కొబ్బరి చెట్లు, అదే సిమెంటు రోడ్డు. గుర్తు కోసం విగ్రహాల్ని నమ్ముకుంటే ఇక అంతే. "కాటన్ దొర విగ్రహం దగ్గర ఎడమకి" అని రాసుకున్నాననుకోండి, ఏ ఊళ్ళో కాటన్ దొర? గుర్రం మీద ఉన్నవాడా, నిలబడ్డవాడా? అందుకే మన దగ్గర విగ్రహం కంటే దూరాన్ని నమ్మాలి, దూరం కంటే లాకుల్ని, వంతెనల్ని నమ్మాలి. రోడ్లు మారినంత తొందరగా లాకులు మారవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల్ని సాగుకే కాదు, పడవలు నడవడానికి కూడా వాడారు. నావిగేషన్ అనే మాట వీటికి మనకంటే ముందే తెలుసు.

నేను దీన్ని ఎలా నేర్చుకున్నానో చెప్తాను. అమలాపురం దగ్గర ఒక కాలువ వెంట ప్రాక్టీసు. రోడ్ బుక్ నేనే రాశాను, చదువుతున్నది మా బావమరిది. 7.3 దగ్గర "వంతెన దాటి ఎడమ" అని ఉంది. అతను "వంతెన దగ్గర ఎడమ" అని చదివాడు. తిప్పేశాను. కిలోమీటరు దాటాక కుడి పక్కకి చూస్తే కాలువ అవతల, కొబ్బరి బోదెల సందుల్లోంచి, మేం ఉండాల్సిన రోడ్డు మాతో సమానంగా వస్తోంది. దాని మీద పాల క్యాన్ల మోపెడ్ ఒకటి తాపీగా పోతోంది. మధ్యలో పాతిక మీటర్ల నీళ్ళు. ముందుకి వెళితే ఒక వంతెన కనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే తాటి దుంగలు పరిచిన కాలిబాట. కారు దాటే వంతెన దొరికేసరికి ఇంకో నాలుగు కిలోమీటర్లు. ఎదురొచ్చిన ఒక పెద్దాయన్ని "ఇది ముక్కామల వెళ్ళే రోడ్డేనాండీ" అని అడిగితే "ఆయ్" అన్నాడు. "అవతలిది కదండీ" అంటే దానికీ "ఆయ్" అన్నాడు. రెండూ నిజమే, చివరికి అన్నీ అక్కడికే పోతాయి. అసలు దారిలో పడేసరికి తొమ్మిది నిమిషాలు ఆలస్యం.

అప్పుడు నేను చేసింది ఇంకా పెద్ద తప్పు, యాక్సిలరేటర్ తొక్కడం. లెక్క చూడండి. 36 సగటు ఇస్తే నేను 45 మీద పోతున్నాను. కిలోమీటరుకి మిగిలేది ఇరవై సెకన్లు. తొమ్మిది నిమిషాలంటే 540 సెకన్లు, అంటే 27 కిలోమీటర్లు ఒక్క బ్రేకు కూడా వేయకుండా అలాగే పోవాలి. ఆ గట్ల మీద, ఆ గేదెల మధ్య, అది జరిగే పని కాదు. చాలా పోటీల్లో ఒక్కో కంట్రోల్ దగ్గర పెనాల్టీకి గరిష్ఠ హద్దు ఉంటుంది. పోయింది పోనిచ్చి, తర్వాతి భాగం శుభ్రంగా చేసుకోవడమే లాభం. ఆ రోజు మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చిన పాఠం అదే.

దిక్కు తెలియకపోతే ఒక చిట్కా. కాలువలో గుర్రపుడెక్క ఎటు కొట్టుకుపోతోందో చూడండి. అది దిగువ, అంటే మొత్తం మీద సముద్రం వైపు. ఎండాకాలం కాలువలు కట్టేశాక మాత్రం ఇది పనిచేయదు.

ఎక్కడ, ఎప్పుడు

తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా. మూడూ ఒకేలా కనిపిస్తాయి, ఈ ఆటకి మాత్రం మూడూ వేరు. రామచంద్రపురం, ద్రాక్షారామం, మండపేట చుట్టుపక్కల రోడ్లు కాస్త విశాలం, కూడళ్ళు స్పష్టం. మొదటి మూడు నెలలకి అదే మంచిది. కోనసీమ రెండో మెట్టు. దారులు ఇరుకు, ఊళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల మధ్య నుంచి వైనతేయ ఇంకోసారి చీల్చుకుంటూ పోతుంది, కాబట్టి పెద్ద వంతెనలు ఎక్కడున్నాయో ముందే గుర్తు పెట్టుకోవాలి. పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) లాంటి చోట్లు మ్యాపులో ఎర్ర సిరాతో చుట్టుకోదగ్గవి. భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువుల మధ్య రోడ్లు బాణంలా ఉంటాయి కానీ ఫోన్ మ్యాపు చెరువు గట్టుని కూడా రోడ్డు అనుకుని లోపలికి పంపేస్తుంది. వెనక్కి తిప్పడానికి చోటుండదు. పైగా రొయ్యల లారీలకి తొందరెక్కువ. అటు చివర్న వెళ్ళండి.

సఖినేటిపల్లి, నర్సాపురం మధ్య పంటు (బళ్ళని కూడా రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కడం సరదాగానే ఉంటుంది. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవు కూడా అంతే. కానీ టైమ్ లెక్కేసే దారిలో పంటు పెట్టకండి. పంటు నిండేదాకా కదలదు, మీ సెకన్లు దానికి పట్టవు. అక్కడ టీ విరామం పెట్టుకుని, అవతలి రేవులో గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టండి.

కాలం విషయానికొస్తే, సంక్రాంతి వెళ్ళాక మార్చి దాకా మంచి రోజులు. పండగ మూడు రోజులూ బయల్దేరొద్దు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వైపు అసలే వద్దు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికీ అంతే. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. రైతు ధాన్యం మీద చక్రం ఎక్కించి టైము కలుపుకున్నవాడు మళ్ళీ ఆ ఊళ్ళోకి రాలేడు, రాకూడదు కూడా. రాత్రి ర్యాలీలు బ్రిటన్‌లో గొప్పవట. మన గట్ల మీద రెయిలింగ్ లేని మలుపులు చూశాక నేను పగటి పూటకే ఓటేస్తాను. ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది.

సొంతంగా ఆడుకోవడమా, పోటీలో చేరడమా

ఒక్క కారు, మీ గడియారం, మీరు, వేగ పరిమితులు. ఇంతవరకు ప్రాక్టీసు. పది మందిని పోగేసి బహుమతి పెట్టారంటే వ్యవహారం మారుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ రోడ్ల మీద రేసులు, వేగ పరీక్షలు నేరం. "మాది వేగం పోటీ కాదండీ, సెకన్ల లెక్క" అని ఎస్సైగారికి రోడ్డు మీద వివరించే పరిస్థితి తెచ్చుకోకండి. యానాంలోకి దారి పెడితే అది పుదుచ్చేరి, అక్కడి అనుమతి వేరే. పెట్రోలు చవకని అటు తిప్పేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకోటి చాలామంది చూడరు. మీ కారు ఇన్సూరెన్స్ కాగితం తీసి "వాడకానికి పరిమితులు" అన్న చోట చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌తో పాటు రిలయబిలిటీ ట్రయల్స్ (బండి ఎంత నమ్మకంగా నడుస్తుందో చూసే పోటీలు) కూడా మినహాయింపుల్లో ఉంటాయి. కాబట్టి పోటీ అంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశ మోటారు క్రీడల క్లబ్బుల సమాఖ్య) గుర్తింపు ఉన్న క్లబ్బు, అనుమతులు తెచ్చుకున్న పోటీ, ఇన్సూరెన్స్ సంగతి రాతలో చెప్పే నిర్వాహకులు. ఆ పోటీలకి కావాల్సిన లైసెన్సు ఎలా తీసుకోవాలో వాళ్ళే చెప్తారు. దాని కోసం విశాఖో హైదరాబాదో వెళ్ళాల్సి వస్తే వెళ్ళండి, ఏడాదికి ఒకటి చాలు. మిగతా ఆదివారాలు ఇక్కడే. 120 కిలోమీటర్ల ప్రాక్టీసుకి లీటరుకి 18 ఇచ్చే కారు ఆరున్నర, ఏడు లీటర్లు తాగుతుంది. ఎనిమిది వందల లోపు తేలిపోతుంది. ఇద్దరు పంచుకుంటే నాలుగు వందలు.

పక్క సీటు

అసలు ఎంపిక ఇది, పక్కన కూర్చుని దారి చదివి లెక్క కట్టే నావిగేటర్. బండి, యాప్, మ్యాపు అన్నీ దీని తర్వాతే.

స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు, భార్యనో భర్తనో, పిల్లల్నో, ఎవరూ దొరక్కపోతే ఆఫీసులో లెక్కలు బాగా వచ్చినవాణ్ణో. డ్రైవింగ్ వచ్చినవాళ్ళు నావిగేటర్‌గా ఎందుకో రాణించరు. తమ వైపు లేని బ్రేకుని కాలితో తొక్కుతూ, కాగితం వదిలేసి రోడ్డు చూస్తుంటారు. మా బావమరిది అదే రకం. మంచివాడు, మాటకారి. ఆ రోజు వంతెన దగ్గర దారి తప్పాక "నేను చెప్పిందే కరెక్టు, నువ్వు రాసిందే తప్పు బావా" అని అంబాజీపేట దాకా వాదించాడు. ఇంటికొచ్చి చూస్తే రాత నాదే, "దాటి" అన్నది చిన్న అక్షరాల్లో గడి అంచున ఇరుక్కుని ఉంది. సగం తప్పు నాదే. అప్పట్నుంచి వంతెన వస్తే ఆ గడిలో ఇంకేమీ రాయను. రెండు గీతలు గీసి, బాణాన్ని వాటి మీదుగా దాటించి, ఆ తర్వాతే మలుపు తిప్పుతాను.

కావాల్సిన లక్షణాలు రెండే. కారులో తల వంచి చదివినా కడుపులో తిప్పకూడదు. తప్పు జరిగితే దాన్ని అప్పుడే చెప్పేయాలి, మూడు కిలోమీటర్లు మొహమాటపడకూడదు. మొదటిది పరీక్షించడం తేలిక. రావులపాలెం నుంచి ఆత్రేయపురం దాకా వారపత్రిక ఇచ్చి చదివించండి, పూతరేకులు కొనేసరికి తేలిపోతుంది. రెండోది తేలాలంటే నాలుగు ఆదివారాలు పడుతుంది. కుర్రవాళ్ళు పెద్దవాళ్ళకి తప్పు చెప్పడానికి జంకుతారు కాబట్టి కారు ఎక్కేముందే ఒప్పందం చేసుకోవాలి. దారి, సమయం విషయంలో పక్క సీటుదే ఆఖరి మాట. రోడ్డు మీద క్షేమం విషయంలో స్టీరింగ్‌దే ఆఖరి మాట.

ఇప్పుడు మా పక్క సీట్లో మా పెద్దమ్మాయి. డిగ్రీ రెండో ఏడు. కారు నడపడం రాదు, నేర్చుకోనంటోంది. పోయిన ఆదివారం ద్రాక్షారామం దాటాక రోడ్డు ఖాళీగా ఉంది, నాకు తెలియకుండానే కాలు బరువెక్కింది. అట్ట మీద నుంచి తల ఎత్తకుండానే అంది:

"నాన్నా, నలభై సెకన్లు ముందున్నాం. ఆ గేదెల వెనకాలే వెళ్ళు, అవి కరెక్టు టైములో ఉన్నాయి."